ఆకుల మీద చెయ్యి పెట్టిన మేడమ్

మా హిస్టరీ మేడమ్ నిద్రలో పోయారు. నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన గంట కొట్టకముందే ఫోను వచ్చింది. చేసింది నాతో డిగ్రీ చదువుకున్న రాజీ.

"నిద్రలోనేటే?" అన్నాను.

"నిద్రలోనేనే. పాలు పోసే ఆవిడ ఎంత బాదినా తలుపు తియ్యలేదట. పక్కింటోళ్ళు కిటికీలోంచి సూస్తే దుప్పటి కప్పుకుని ఒత్తిగిలి ఉన్నారట."

నాకు నమ్మబుద్ధి కాలేదు. పోవడం సంగతి కాదు. వయసు మీదపడింది, బీపీ ఉంది, మాత్రలు వేసుకోమంటే తిట్టేవారు. అంత మెత్తగా పోవడమే నమ్మలేకపోయాను. ఎవరితోనో తగువు పడుతూ, మాట సగంలో ఉండగా పోతారని మేమందరం అనుకునేవాళ్ళం. ఆవిడ ముందరే ఆ మాట అనేవాళ్ళం కూడా. "అవునే, ఎదటోడి పీక నా సేతిలో ఉండగా పోతాను" అని నవ్వేవారు.

శ్రీకాకుళంలో మేం చదివిన డిగ్రీ కాలేజీలో ఆవిడ చరిత్ర చెప్పేవారు. ఊళ్ళో కిరాణా కొట్టు నడిపిన వర్తకుల ఇంటి ఆడపిల్ల. పెళ్ళి చేసుకోలేదు. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకం తెలుగు మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం అచ్చంగా మా ఊరి తెలుగే. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు ఉండేవి కావు. ఆ వేళ్ళ గురించి జిల్లాలో రకరకాలుగా చెప్పుకున్నారు. పాము కరిచిందన్నారు, పిండిమరలో పడ్డాయన్నారు, ప్రేమించినవాడెవడో నరికాడని కూడా అన్నారు. అవి తెగిన నాడు ఆవిడ పక్కన ఉన్నది నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ మాకు చెప్పిన మొదటి పాఠమే దెబ్బలతో మొదలయింది. నాగావళి ఒడ్డున కోయించిన తుంగమోపు ఒకటి రిక్షాలో తెచ్చి క్లాసులో పడేశారు. నీళ్ళు కారుతున్నాయి, బురద వాసన. చాపలు అల్లడానికి తప్ప తుంగ ఇంకెందుకైనా పనికొస్తుందని మాకెవరికీ తెలీదు. "ఈజిప్టులో నైలునది ఒడ్డున పపైరస్ అని ఒక మొక్క ఉంటుంది. ఈ తుంగకి వరసకి అక్క. ప్రపంచంలో మొదటి పుస్తకాలు కొన్ని దాని మీదే రాశారు. మనం ఇవాళ చెల్లెలితో ప్రయత్నిద్దాం" అన్నారు. పైతొక్క ఒలిచి, లోపలి బెండుని పల్చగా చీల్చి, నిలువుగా ఒక వరస, దాని మీద అడ్డంగా ఒక వరస పేర్చమన్నారు. చేతికో కర్రసుత్తి ఇచ్చారు. మేం ఆడపిల్లలం మెల్లగా తట్టడం మొదలెట్టాం.

"ఏటి, పిల్లిపిల్లని నిమురుతన్నారా? కొట్టండి! దెబ్బ పడితేగానీ దాని జిగురు బయటికి రాదు. జిగురు రాకపోతే అది కాగితం అవదు."

కొట్టాం. ఒక బెంచీ విరిగింది. కింది గదిలో పాఠం చెప్పుకుంటున్న లెక్కల మాస్టారు పరిగెత్తుకొచ్చారు. వారం పాటు బరువు కింద పెట్టి ఆరబెట్టాక నా ముక్క అప్పడంలా తేలింది. దాని మీద నా పేరు రాస్తే సిరా పాకి పేరంతా మచ్చయిపోయింది. మేడమ్ దాన్ని వెలుగుకెత్తి చూసి, "పర్లేదు, రెండు వేల ఏళ్ళ తరవాత ఎవడో ఒకడు కళ్ళు పోగొట్టుకుని సదువుతాడు" అన్నారు.

ఆవిడ చెప్పే చరిత్రలో రాజుల వంశవృక్షాలు తక్కువ. రాత ఎలా బతికింది, ఎలా చచ్చింది అన్నదే ఆవిడ ధ్యాస. ఈజిప్టులో పాత పపైరస్ కాగితాలని చిత్తుగా వాడేసి, జిగురుతో అతికించి, శవాలకి తొడుగులు చేసేవారట. ఆ తొడుగుల్లో ఏం రాసుందో చూడాలని తరవాతి కాలం పండితులు శవాల ముసుగులు ఊడబీకి నీళ్ళలో నానబెట్టి విప్పారట. "సచ్చినోడి మొకం సింపితే లోపలేటి ఉన్నాది? ఎవడో కట్టిన శిస్తు రసీదు. ఇంకోడి దగ్గర పద్యం. ఎవరి మొకంలో ఏటి ఉంటాదో సింపితేగానీ తెలీదు" అని, మా మొహాలు చూసి నవ్వేవారు. ఇరాక్ వైపు పాత పట్నాలని శత్రువులు తగలబెడితే, పచ్చిమట్టి పలకల మీది రాతలు ఆ మంటల్లో కాలి ఇటుకల్లా గట్టిపడి మిగిలాయని చెప్పేవారు. అదే నిప్పు పపైరస్‌కి తగిలితే బూడిద. "మరి మన తాటాకుల సంగతేటి మేడమ్?" అని రాజీ ఒకసారి అడిగింది.

ఆవిడ రాజీ బెంచీ దగ్గరికి నడిచొచ్చారు. "మనకి నిప్పు అక్కర్లేదే. చెమ్మ చాలు, చెద చాలు, తుఫాను చాలు. తాటాకు కొన్ని తరాలు ఉంటాది, అంతే. అది చచ్చేలోపల ఎవడో ఒకడు కూచుని ఇంకో ఆకు మీద దించాలి. వాడి తరవాత ఇంకోడు. ఈజిప్టులో రాతల్ని ఇసక కాసింది. ఇక్కడ మనిసే కాయాల."

ఈ మాట ఆవిడ నోట చాలాసార్లు విన్నాను. చివరి రోజుల్లో విసుగ్గా కూడా అనేవారు.

చెయ్యి చేసుకునే మనిషి అని ఆవిడకి పేరు. అది నిజమే, దాచను. లైబ్రరీ పుస్తకంలో పేజీ చింపి జేబులో పెట్టుకున్న ఒక సీనియర్ అబ్బాయిని అందరి ముందూ చెంప మీద కొట్టారు. అతని పెదవి చిట్లింది. గొడవయింది. మర్నాడు క్లాసుకి వచ్చి, అతన్ని నిలబెట్టి, "నిన్ను కొట్టడం తప్పే. అందరి ముందూ ఒప్పుకుంటన్నాను. నువ్వు సింపింది అంతకన్నా పెద్ద తప్పు. ఆ పేజీ నీ చేత్తో రాసి అతికించు" అన్నారు. అతను అతికించాడు. ఆ పుస్తకం ఇంకా ఉందో లేదో తెలీదు.

నేను బీఈడీ చదువుతున్న ఏడు, నౌపడ దాటాక ఉప్పుమడుల అవతల ఒక ఊరి నుంచి ఆవిడకి కబురొచ్చింది. ఒక రైతు ఇంట్లో అటక మీద తాటాకు కట్టలు దొరికాయి. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ ముసలి తల్లి, తమ్ముడి భార్య, వాళ్ళ పిల్ల ఉండే ఇల్లు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. కట్టలు చాలావరకు చెద తినేసింది. ఒక్కటి మాత్రం బాగుంది. పైనా కిందా చెక్కపలకలు, మధ్యలో తాడు. పశువుల రోగాలకి మందులు చెప్పే పొత్తం అది. గొంతువాపుకి ఏం నూరి పొయ్యాలి, గిట్టలు కుళ్ళితే ఏం పూయాలి, అలాంటివి. వాళ్ళ ముత్తాతో, ఆయన తండ్రో రాసింది. గాలివానకి ఇల్లు కూలితే ఆకులు పొట్టకి కట్టుకుని బయటపడ్డానని, అక్షరాలు తప్పితే తిట్టొద్దని, ఆఖరి ఆకు మీద రాసుకున్నాడు. మేడమ్ అది చదివి ఆ ముసలమ్మకి వినిపిస్తే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

వాళ్ళ అరుగు మీద కూచుని, వెళ్ళినప్పుడల్లా కాసిన్ని ఆకులు మెత్తటి గుడ్డతో తుడిచి, నిమ్మగడ్డి నూనె రాసి, అక్షరాల్లో దీపం మసి నింపేవాళ్ళం. తాటాకు మీద గంటంతో గీస్తే పడేది రంగు కాదు, గాటు. మసి పులిమి తుడిస్తే ఆ గాట్లలో నలుపు నిలబడి అక్షరం కనిపిస్తుంది. నిలువుగీత గట్టిగా గీస్తే ఆకు చీలిపోతుంది, అందుకే మన అక్షరాలు గుండ్రంగా తిరిగాయని అంటారు. మేడమ్ దాన్ని తనదైన పద్ధతిలో చెప్పేవారు: "దెబ్బ తప్పించుకోడానికి వొళ్ళు తిప్పుకున్న అచ్చరాలే మనవి."

ఈలోగా ఆ ఇంట్లో పంపకాలు మొదలయ్యాయి. పొలం గట్ల దగ్గర ఒకసారి, చింతచెట్టు దగ్గర ఒకసారి, అన్నదమ్ములు అప్పటికే కలబడ్డారు. తాటాకులు కొనేవాళ్ళు బరంపురంలో ఉన్నారని ఎవరో చెప్పారు. దాంతో కట్ట ఎవరిదన్నది మిగతా తగువులన్నిటికీ పైకొచ్చి కూచుంది.

ఆ మధ్యాహ్నం మేం వెళ్ళేసరికి పెరట్లో సామానంతా రెండు కుప్పలుగా పోసుంది. కట్ట ఏ కుప్పలోనూ లేదు. అన్న అంటున్నాడు: "పెద్దోణ్ణి. తాత సొత్తు నాకే వస్తాది."

"నీకెలగ వస్తాదిరా? నాను తాత మనవణ్ణి కానేటి?" అన్నాడు తమ్ముడు. "సగం సగం. అన్నీ సగమే."

"పొత్తాన్ని సగం ఎలగ సేస్తావురా ఎర్రోడా?"

తమ్ముడు లోపలికెళ్ళాడు. కొబ్బరిబొండాలు కొట్టే కత్తితో వచ్చాడు. తాగి లేడు. ఆ సంగతి నేను తరవాత కోర్టులో కూడా చెప్పాను. కట్టని కట్టెలు కొట్టే మొద్దు మీద పెట్టి, "ఇలగ సేస్తాను" అన్నాడు.

మేడమ్ వెళ్ళి కట్ట మీద అరచెయ్యి పెట్టారు. "ఒరే, నరికితే ఇద్దరికీ ఏటీ మిగల్దు. ఏ ఆకు సగమూ సదవడానికి రాదు."

"సెయ్యి తియ్యి మేడమ్. నీ తాత సొమ్ము కాదు."

"తియ్యను."

"తియ్యమంటన్నాను!"

"తియ్యకపోతే నరికేస్తావేటి? నరుకు, సూద్దాం."

అతను ఆవిడ వైపు చూడలేదు. కత్తి ఎత్తినప్పుడు అతని కళ్ళు అన్న మీదే ఉన్నాయి. నాకిప్పటికీ అర్థం కానిది అదే. కత్తి దిగింది. పై పలక పగిలిన చప్పుడు విన్నాను. మేడమ్ అరవలేదు, చెయ్యి గుండెలకి హత్తుకుని మొద్దు పక్కనే కూలబడ్డారు. అప్పుడు చూశాను, ఆకుల మీద నెత్తురు ముద్దలుగా పడుతోంది, మొద్దు పక్కన దుమ్ములో రెండు వేళ్ళు. ఆ మరుక్షణం అన్న రోకలి తీసుకుని తమ్ముడి మీద పడ్డాడు. భుజం ఎముక విరిగిన శబ్దం కూడా విన్నాను. తమ్ముడి భార్య మధ్యలో దూరి ఇద్దరి దెబ్బలూ తింది. ముసలమ్మ "ఓలమ్మో, ఓలమ్మో" అంటూ నేల కొట్టుకుంటోంది. నేను నా చున్నీ మేడమ్ చేతికి చుట్టి బిగించి, ఎవరో పిలిచిన ఆటోలో ఎక్కించాను. తెగిన వేళ్ళు తేవాలని ఎవరికీ తోచలేదు.

ఇలాంటిచోట మనుషులు పెద్ద మాటలు అంటారని చదువుతాం. మేడమ్ అలాంటిదేమీ అనలేదు. టెక్కలి దాటేదాకా ఆ తమ్ముణ్ణి, అతని తాతని, తాటాకుల్ని, తాటిచెట్లని తిట్టారు. తరవాత నొప్పికి వాంతి చేసుకున్నారు. ఆసుపత్రిలో మత్తు దిగాక నేను, "కట్ట జాగ్రత్తగానే ఉంది మేడమ్" అన్నాను.

"తగలెట్టీండి దాన్ని" అన్నారు గోడవైపు తిరిగి.

చాలాకాలం ఆ మాట మీదే ఉన్నారు. కేసు పెట్టారు. సర్దుకోమని ఊరి పెద్దలు వచ్చారు. "మీ వేళ్ళు రెండు పెట్టండి ఇక్కడ, అప్పుడు సర్దుబాటు మాట్లాడదాం" అని గుమ్మంలోంచే పంపేశారు. తమ్ముడు జైలుకెళ్ళాడు. కాలేజీలో ఆవిడ బోర్డు మీద రాయలేకపోయేవారు. బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య సుద్దముక్క ఇరికించుకుని రాస్తే అక్షరాలు ఒకటో తరగతి పిల్లల రాతలా వంకర్లు పోయేవి. ఒకరోజు సుద్ద మూడోసారి జారిపడితే డస్టర్ తీసి కిటికీ అద్దం పగలగొట్టి ఇంటికెళ్ళిపోయారు. పపైరస్ గురించీ తాటాకుల గురించీ ఒక్క ముక్క మాట్లాడేవారు కాదు. నేను సాయంత్రాలు వెళ్ళి వంట చేసి పెట్టేదాన్ని. ఉప్పు ఎక్కువైందని తిట్టేవారు. తిట్టిన రోజు నాకు కాస్త ధైర్యంగా ఉండేది.

ఒక ఆదివారం నేనక్కడ ఉండగానే తమ్ముడి భార్య వచ్చింది. కోర్టు నుంచి తిరిగొచ్చిన కట్టని ఎరువుల సంచీలో పెట్టుకుని తెచ్చింది. గుమ్మంలో దించి, దూరంగా నిలబడింది.

"మాకొద్దు మేడమ్ ఇది. ఇంట్లో ఉంటే పిల్లకి జొరం వస్తన్నాది. నూతిలో పడేద్దామంటే మా అత్త ఒప్పుకోటం నేదు."

"అయితే నా నెత్తిన పడేస్తావేటి? తీస్కెళ్ళు!"

ఆమె కదల్లేదు. మేడమ్ లేచి, ఎడమచేత్తో సంచీ పట్టుకుని వీధిలోకి విసిరారు. తాడు ఎప్పుడో తెగి ఉంది. ఆకులన్నీ వీధంతా చెల్లాచెదురయ్యాయి. ఒక స్కూటరు రెండు ఆకుల మీదుగా వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళి, ఒంగి, ఒక్కొక్కటే ఏరడం మొదలెట్టింది. ఏరినదాన్ని చీరకొంగుతో గట్టిగా రుద్ది తుడుస్తోంది. ఎండిన నెత్తురు పొట్టులా రాలుతోంది.

మేడమ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆమె ఒక ఆకుని వంచబోయింది.

"ఓసే! అలగ వొంచకే, ఇరిగిపోతాది!" అని అరిచారు మేడమ్. అరిచి, వీధిలోకి దిగారు. ఆమె పక్కన గొంతుక్కూచుని, మిగిలిన వేళ్ళతో ఆకు అంచు పట్టుకుని చూపించారు. "ఇలగ. అడుగున అరచెయ్యి పెట్టు. తుడవడం పైనుంచి కిందకి కాదు, పొడుగునా." నేనూ దిగాను. ముగ్గురం ఏరాం.

లోపలికొచ్చాక మేడమ్ ఒక ఆకుని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూశారు. మేం మసి నింపడానికి ముందే ఆగిపోయిన ఆకుల్లో అదొకటి. అప్పట్లో దాని మీద ఏమీ కనిపించేది కాదు. ఇప్పుడు పైన నెత్తురు రాలిపోయి, గాట్లలో ఇంకినది మాత్రం ఉంది. ముదురు గోధుమరంగులో వరసకి వరస అక్షరాలు స్పష్టంగా తేలాయి. తడుముకోకుండా చదివారు. పాలు ఇవ్వని ఆవుకి పెట్టే మందు అది.

"నా నెత్తురు దేనికి పనికొచ్చిందో సూడవే. ఆవు పాలకి" అన్నారు. నవ్వారు. వేళ్ళు పోయాక నేను చూసిన మొదటి నవ్వు అది. తరవాత కళ్ళు తుడుచుకుని, తమ్ముడి భార్య వైపు తిరిగి, "సోమారం రా. బేగి రా, పది తరవాత నాకు కాలేజీ ఉన్నాది" అన్నారు.

ఆమె వచ్చింది. ప్రతి సోమవారం మొదటి బస్సుకి వచ్చేది. కత్తి వాటుకి చాలా ఆకులు రెండుగా తెగాయి. ఏ ముక్క ఏ ముక్కకి జోడో కలపడం ఆ ఇద్దరి పని. చదవడం మేడమ్ పని, కాగితం మీద ఎక్కించడం నా పని. మేడమ్ ఆమెని తిట్టని రోజు లేదు. ఆమె మొదట్లో ఏడ్చేది, తరవాత తిరిగి తిట్టేది. పాత అక్షరాలు కూడా ఆ తిట్లలోనే నేర్చుకుంది. వాళ్ళిద్దరూ స్నేహితులయ్యారని నేను చెప్పలేను. మేడమ్ ఆమె ముందు కుడిచెయ్యి ఎప్పుడూ దాచలేదు, ఆమె ఆ చేతివైపు ఎప్పుడూ సూటిగా చూడలేదు.

జైలు నుంచి వచ్చిన కొత్తలో ఆ తమ్ముడు భార్యతోపాటు వచ్చాడు. గుమ్మం ముందు తలొంచుకుని నిలబడ్డాడు. మేడమ్ వెళ్ళి, కుడిచేత్తో, ఆ మూడువేళ్ళ చేత్తోనే, అతని చెంప పగిలేలా కొట్టారు. వీధిలో వాళ్ళు బయటికొచ్చారు. రెండోది కూడా కొట్టారు. అతను చేతులు ఎత్తలేదు.

"నిన్ను నాను మన్నించనేదు. మన్నించను. సచ్చేదాకా మన్నించను" అన్నారు రొప్పుతూ. "నీ పెళ్ళాన్ని పంపడం మాత్రం మానకు. నువ్వు నా గుమ్మం ఎక్కకు, నా ఎదట పడకు."

మా పని పూర్తయింది. పొత్తం మొత్తం కాగితం మీదకి దిగింది. అసలు ఆకుల్ని కొత్త పలకల మధ్య పెట్టి ముసలమ్మకే ఇచ్చేశారు మేడమ్. పని అయిపోయాక కూడా ఆమె సోమవారాలు రావడం మానలేదు, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన కట్టలు ఉండేవి. అతను ఆమెని బండి మీద తెచ్చి వీధి మొగదలలోనే దింపేవాడు. సాయంత్రం అక్కడే నిలబడి తీసుకెళ్ళేవాడు. ఆ ఇంటివైపు అడుగు వెయ్యగా నేను చూడలేదు. మన్నించమని మేడమ్‌తో ఒకసారి నేను అనబోతే, "ఆడి తప్పు ఆడు మొయ్యనీ. నువ్వెందుకే మోస్తావు?" అన్నారు. మేడమ్ మాట మార్చే మనిషి కాదు, మార్చలేదు. అది తప్పని ఇవాళ కూడా నాకు అనిపించడం లేదు.

నేను శ్రీకాకుళం చేరేసరికి మేడమ్‌ని బయట పడుకోబెట్టారు. తమ్ముడి భార్య అప్పటికే వచ్చి కాళ్ళ దగ్గర కూచుని ఉంది. ఎవరో ఆ కుడిచేతి మీద దుప్పటి కప్పారు. ఆమె దాన్ని తీసేసి, చెయ్యి బయటపెట్టింది. మళ్ళీ ఎవరూ కప్పలేదు. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదని ఒక పెద్దాయన అన్నాడు. రాజీ, నేను, ఆమె, ముగ్గురం ఆయన వైపు చూశాం, అంతే. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

నాగావళి ఒడ్డున మేడమ్ అన్నకొడుకు నిప్పు పెట్టాడు. ఎండ మండిపోతోంది. చితిమంట ఎండ వెలుగులో కలిసిపోయి కనిపించడం లేదు, పైన గాలి వణకడం మాత్రం తెలుస్తోంది. తమ్ముడి భార్య నా మోచెయ్యి పట్టుకుని, తల కొంచెం ఎత్తి వంతెన వైపు చూపించింది.

వంతెన మీద బస్సులు, ఆటోలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. రెయిలింగు దగ్గర ఆ తమ్ముడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. చితి కూలి బూడిదయ్యేదాకా కదల్లేదు. అంత ఎండలోనూ, చలేస్తున్నవాడిలా, కుడిచేతిని ఎడమ చంక కింద దోపి గట్టిగా అదిమి పట్టుకున్నాడు.